ఇంటికి పోతే పట్టని బ్రేకు

2022లో వానలు తగ్గి, రోడ్ల మీద గుంతలన్నీ బయటపడ్డ రోజులు. అమీర్‌పేట మెట్రో మెట్లు దిగి, కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద నుంచి రెండు సందులు లోపలికి వస్తే మా వర్క్‌షాపు కనిపిస్తుంది. నాన్న పెట్టిన షాపు. ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లాక నేను నడుపుతున్నాను. మా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా హాస్టళ్లలో ఉండే పిల్లల బైకులు, భోజనాలు డెలివరీ చేసేవాళ్ల స్కూటర్లు. క్లచ్ వైరు, చెయిన్, బ్రేకు, ఆయిలు. ఏడాది పొడుగునా ఇవే.

చిన్నప్పుడు నాకు ఆయాసం ఎక్కువగా ఉండేది. బడికి పంపలేదు. అమ్మ బైబిలు ముందు పెట్టుకుని చదవడం నేర్పింది. నాన్న స్పానర్ల మీద చెక్కిన అంకెలు చూపించి లెక్కలు నేర్పాడు. పని కూడా అలాగే, ఇంటి ముందు అరుగు మీద, ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నదే. సర్టిఫికెట్ లేదు. చేతికి పని మాత్రం ఉంది. అందుకు దేవునికి స్తోత్రం చెప్పుకోని రోజు లేదు.

షాపులో నాతోపాటు యాదగిరన్న ఉంటాడు. నాన్న ఉన్నప్పటి నుంచీ ఉన్న మనిషి. చెయ్యి ఎంత పని చేస్తుందో నోరు అంతకు రెట్టింపు చేస్తుంది.

ఆ రోజు ట్రాలీ ఆటోలోంచి దించిన బండిని చూసి ముందు నోరు తెరిచింది కూడా ఆయనే.

"సీటు యాడ పోయింది సార్? దొంగలెత్తుకపోయిండ్రా?"

"దీనికి సీటుండదన్నా. నిలవడే తోలాలె" అన్నాడు బండి తెచ్చిన మనిషి.

"నిలవడి పోనీకి సిటీ బస్సులు లేవా మనకు?"

ఆ మనిషి పేరు నరేందర్. పంజాగుట్టలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్. ముప్పై దాటిన వయసు. బండి వయసు కూడా దాదాపు అంతే. అది ట్రయల్స్ బైకు. పందేల బండి అనుకుంటారు కానీ ఇందులో వేగం లెక్కలోకి రాదు. పెద్ద పెద్ద బండరాళ్ల మీదికి, దుంగల మీదికి, వాగు గట్ల మీదికి నెమ్మదిగా, మనిషి నడిచినంత నెమ్మదిగా ఎక్కించి దించాలి. కాలు కింద పెట్టకూడదు. పెడితే మార్కు పోతుంది. అంతా బ్యాలెన్స్, క్లచ్, ముందు బ్రేకు మీద నడుస్తుంది. అందుకే బండి సైకిలంత సన్నగా, తేలిగ్గా ఉంటుంది.

నరేందర్‌కు ఇది జీతం తెచ్చే పని కాదు, పేరు తెచ్చేదీ కాదు. సికింద్రాబాద్‌లో ఒక పెద్దాయన వాడకుండా మూలన పడేసిన బండిని కొని, సెలవు రోజుల్లో విప్పి, కడిగి, మళ్లీ బిగించుకున్నాడు. ఆదివారాలు చేవెళ్ల దారిలో బండలున్న చోటికి తీసుకెళ్లి తోలేవాడు. ఎయిర్ ఫిల్టర్ కడగడం, పెట్రోలులో టూటీ ఆయిలు కలపడం, చెయిన్ సరిచేయడం అన్నీ స్వయంగా చేసుకునేవాడు. తన చేత కాని పని పడ్డాకే నా దగ్గరికి తెచ్చాడు. అలాంటి కస్టమర్ దొరకడం మా పనిలో ఒక దీవెన.

తెచ్చింది ముందు బ్రేకు కోసం. పాత డిస్క్ తుప్పు పట్టి, అరిగి, అంచులు పల్చబడి ఉంది. డిస్క్ అంటే చక్రంతోపాటు తిరిగే గుండ్రటి ఉక్కు రేకు. లివర్ నొక్కగానే రెండు ప్యాడ్‌లు అటూ ఇటూ దాన్ని పట్టుకుంటాయి. ఆ ప్యాడ్‌లు ఉండే డబ్బాను కాలిపర్ అంటారు. ఇంత పాత బండికి డిస్క్ ఎక్కడ దొరుకుతుంది? కొలతలు తీసి బాలానగర్‌లో తెలిసిన మెషిన్ షాపులో స్టెయిన్‌లెస్ స్టీల్‌తో కొత్తది కోయించాను. లివర్ దగ్గరుండే మాస్టర్ సిలిండర్ మార్చాను. రబ్బరు పైపు తీసేసి, స్టీలు తీగ అల్లిన పైపు వేశాను. కొత్త ప్యాడ్‌లు పెట్టాను.

బండంతా గీతలు పడి, రంగు వెలిసి ఉంది. దాని మధ్య ఆ కొత్త డిస్క్ ఒక్కటి అద్దంలా మెరిసింది.

మా సందు చివర హాస్టల్ ముందు ఒక వాలు ఉంది. శనివారం సాయంత్రం నరేందర్ ఇంజన్ ఆపేసి, ఫుట్‌రెస్ట్‌ల మీద నిలబడి, దాని మీద నుంచి జారుతూ వచ్చి ఒక్క వేలితో లివర్ నొక్కాడు. బండి ఆగిపోయింది. వెనక చక్రం కాస్త లేచింది.

"అక్కా, నాలుగేండ్లు నేను బ్రేకే లేకుండ తోలిన్నా ఏంది?" అన్నాడు నవ్వుతూ.

సోమవారం పొద్దున్నే ఫోను. "అక్కా, బ్రేకు పట్టలె. బండ దిగుతుంటె జారింది. కాలు వెట్టి ఆపుకున్న."

బండి తెచ్చాడు. మురికి బండి ఇస్తే బాగుండదని సర్వీస్ సెంటర్‌లో నీళ్లు కొట్టించి మరీ తెచ్చాడు. లివర్ నొక్కి చూశాను, రాయిలా గట్టిగా ఉంది. లివర్ మెత్తగా లోపలికి పోతే పైపులో గాలి చేరినట్టు. గట్టిగా ఉండి కూడా బండి ఆగలేదంటే ప్యాడ్‌కూ డిస్క్‌కూ మధ్య ఏదో జారుడు ఉన్నట్టు. ప్యాడ్‌లు విప్పి చూస్తే నల్లగా, నున్నగా ఉన్నాయి. నూనె తాగాయి.

నూనె ఎక్కడిది? ముందు చక్రాన్ని అటూ ఇటూ పట్టుకునే ఫోర్కు గొట్టాల్లో ఆయిలు ఉంటుంది. పాత బండ్లలో సీల్ అరిగి అది కిందికి కారడం, డిస్క్ మీద పడడం మామూలే. సీళ్లు మార్చాను. ప్యాడ్‌లు మార్చాను. వాలు మీద చూశాం. పట్టింది.

ఆదివారం మళ్లీ జారింది.

ఈసారి కాలిపర్ మొత్తం విప్పాను. లోపలి రబ్బర్లు మార్చాను. చక్రం బేరింగ్‌లో గ్రీజు కరిగి వస్తోందేమోనని అదీ చూశాను. స్టీలు తప్పేమోనని బాలానగర్ కూడా వెళ్లొచ్చాను. అక్కడి మెషిన్ ఆయన నా ముఖం వంక చూసి, "అమ్మా, రేకు నూనె కార్చదు కద" అన్నాడు. నిజమే.

మళ్లీ బిగించి ఇచ్చాను. వాలు మీద మళ్లీ పట్టింది. ఆ ఆదివారం నరేందర్ బండ మీద నుంచి కిందికి పడ్డాడు. ఎడమ మణికట్టు ఎముక చిట్లింది.

కట్టు కట్టించుకుని షాపుకు వచ్చాడు. బండి వెనకే ట్రాలీ ఆటోలో వచ్చింది. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. బండి వంక చూస్తూ అన్నాడు.

"బెంగళూరు నుంచి ఒకాయన కొంటనంటున్నడక్కా. అమ్మకు మాటిచ్చిన. ఇంకొక్కసారి బ్రేకు పట్టకుంటె అమ్మేస్త. ఆమె నిద్ర పోతలేదు."

"నువ్వేమంటావు నరేందర్?"

"నాకు గిదొక్కటే ఉన్నదక్కా, నా కోసం అని చేసుకునేది. కానీ ఆమెను ఏడిపించుకుంట తోలుడెందుకు?"

నరేందర్ వెళ్లాక చాలాసేపు నాకు పని చేయబుద్ధి కాలేదు. ఆ బ్రేకు నా చేతి మీదుగా వెళ్లింది. ఇంకోసారి జారితే ఈసారి విరిగేది మణికట్టే అని ఎవరు చెప్పగలరు? కారణం దొరక్కపోతే బండి తోలడానికి పనికొస్తుందని నేను చెప్పలేను. అమ్మేయమని నేనే చెప్పాలి. అతనికి మిగిలిన ఆ ఒక్క ఆదివారాన్ని నా నోటితోనే తీసేయాలి.

కట్టు విప్పేదాకా బండి మా దగ్గరే ఉంది. అది కలిసొచ్చింది. అన్నీ శుభ్రం చేసి, కొత్త ప్యాడ్‌లు వేసి, ముందు చక్రం కింద తెల్ల కాగితం పరిచాను. చుక్క పడితే తెలియాలని. రోజూ పొద్దున యాదగిరన్న బండిని వాలు దాకా తోసుకెళ్లి దించేవాడు. సీటు లేని బండి మీద నిలబడి, ధోవతి అంచు నడుముకు దోపుకుని ఆయన దిగుతుంటే హాస్టల్ పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు.

"ఉద్యోగాలు దొరకక సర్కస్‌ల చేరిండనుకుంటుండ్రు" అని గొణుక్కునేవాడు.

కాగితం తెల్లగానే ఉంది. బ్రేకు ఒక్కనాడు కూడా జారలేదు. వారాలు గడిచాయి.

ఒకరోజు యాదగిరన్న టీ తాగుతూ అన్నాడు. "చెల్లె, మన దగ్గరున్నన్ని రోజులు ఇది పెద్దమనిషి లెక్క ఉంటది. ఇంటికి పోంగనె తాగొచ్చినోని లెక్క జారుతది. రోగం బండిల లేదు. ఇంటికాడ ఉన్నది."

ఆయన ఆ మాట వేళాకోళానికే అన్నాడు. కానీ నాకు గుచ్చుకుంది. ప్రతిసారీ శనివారం ఇక్కడ పట్టిన బ్రేకు ఆదివారం అక్కడ పట్టలేదు. మధ్యలో ఉన్నది ఒక్క రాత్రి, ఒక్క ఇల్లు. ఇన్ని రోజులూ నేను బండినే విప్పుతూ వచ్చాను.

కట్టు విప్పారు, మెల్లగా తోలవచ్చని డాక్టర్ చెప్పాడు. ఆ శనివారం సాయంత్రం నరేందర్ బండిని ఇంటికి తీసుకెళ్తుంటే, పని ముగించుకుని నేను కూడా ట్రాలీ ఆటోలో ముందు కూర్చున్నాను. పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్‌లో ఇరుక్కుని, చీకటి పడకముందే వాళ్ల బస్తీకి చేరాం. సంచిలో కొత్త ప్యాడ్‌లు, బ్రేక్ క్లీనర్ డబ్బా, నాలుగు స్పానర్లు పెట్టుకున్నాను. ఏం వెతకాలో మాత్రం తెలియదు.

ఇంటి ముందు బండి దించి ఒకసారి చూశాం. బ్రేకు బాగుంది. నరేందర్ క్యాను పట్టుకుని పెట్రోలుకు వెళ్లాడు. నన్ను గడప పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, వాళ్ల అమ్మ అండాలమ్మ టీ ఇచ్చింది. సన్నగా, చురుగ్గా ఉన్న మనిషి. నారాయణఖేడ్ దగ్గర పొలం పని చేసి, పెళ్లయ్యాక పట్నం వచ్చి, నాలుగిళ్లలో వంట చేసి కొడుకును చదివించిందట.

"తాగు బిడ్డా. నేను దీపం వెట్టి వస్త" అని లోపలికి వెళ్లింది.

కాసేపటికి చేతిలో పళ్లెంతో బయటికి వచ్చింది. అందులో కుంకుమ, వెలిగించిన అగరుబత్తీ, గిన్నెలో తడి పసుపు. బండి హ్యాండిల్‌కు బొట్టు పెట్టింది. ట్యాంకుకు పెట్టింది. తర్వాత ముందు చక్రం దగ్గర కూర్చుని, మూడు వేళ్ల నిండా పసుపు తీసుకుని, మెరుస్తున్న డిస్క్ చుట్టూ శ్రద్ధగా రాయడం మొదలుపెట్టింది. గడపకు రాసినట్టు.

టీ గ్లాసు కింద పెట్టేశాను.

"అమ్మా, దానికెందుకు రాస్తున్నారు?"

"చక్రం కద బిడ్డా" అంది, చెయ్యి ఆపకుండానే. "బండంత మట్టి రంగే. గిదొక్కటే కొత్తగ వచ్చింది, ఎట్ల మెరుస్తుందో చూడు. సామి చేతిల చక్రం లెక్క. గిదే నా కొడుకును కాపాడాలె."

"పసుపులో ఏమైనా కలిపారా?"

"ఉత్త పసుపు ఇనుముకు నిలుస్తదా? నువ్వుల నూనె కలిపిన. మొదట్ల చిటికెడే పెడుతుంటి. బండి జారిందని చెప్పినంక చెయ్యి నిండ పెడుతున్న."

కారణం దొరికింది. ఇన్ని వారాల బరువు ఒక్కసారిగా దిగిపోయింది. వెంటనే ఇంకో బరువు వచ్చి కూర్చుంది. బ్రేకు జారినకొద్దీ ఈ తల్లి పసుపు పెంచింది. పసుపు పెంచినకొద్దీ బ్రేకు జారింది. ప్రతిసారీ మర్నాడు బండల్లో ఎర్రమట్టి దాన్ని కప్పేసింది, సర్వీస్ సెంటర్ నీళ్లు పసుపు రంగును కడిగేశాయి. నూనె మాత్రం ప్యాడ్‌ల లోపల మిగిలింది.

ఈ మాట ఆమెకు ఎలా చెప్పాలి? నేను కూడా బండి ఇచ్చే ముందు ట్యాంకు మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, తోలేవాళ్లను క్షేమంగా తీసుకెళ్లమని ప్రార్థన చేసుకుంటాను. ఆ చెయ్యే వాళ్లను పడేసిందని ఎవరైనా నాతో అంటే? మనసులోనే దేవుణ్ని అడిగాను, ప్రభువా మాట ఇవ్వు అని.

కిందికి వెళ్లి ఆమె పక్కనే కూర్చున్నాను.

"అమ్మా, ఈ రేకు బండిని ఆపడానికి. ఇదిగో, లోపల రెండు బిళ్లలు దీన్ని గట్టిగా పట్టుకుంటేనే బండి ఆగుతుంది. నూనె తగిలితే పట్టు దొరకదు. చేతికి నూనె ఉన్నప్పుడు బిందె జారినట్టు."

ఆమె చెయ్యి డిస్క్ మీదే ఆగిపోయింది. తెలివైన మనిషి. నేను చెప్పని మాట కూడా వెంటనే అర్థం చేసుకుంది.

"అయితె వాని చెయ్యి విరగ్గొట్టింది నేనేనా?"

నేను కాదనలేదు. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. "మీకు తెలియదమ్మా. నాకూ తెలియలేదు. నేను మూడుసార్లు బండంతా విప్పాను. ఇక్కడికి వచ్చి చూడాలని నాకు తోచలేదు" అన్నాను.

అప్పటికే నరేందర్ క్యాను పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో తెలియదు. తల్లి పసుపు చేతులు చూశాడు, డిస్క్ చూశాడు, నన్ను చూశాడు. క్యాను కింద పెట్టి వచ్చి తల్లి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, నువ్వంత పసుపు పెట్టవట్టే చెయ్యితోని పోయింది. లేకుంటె తలకాయ పోయేటిది."

"నవ్వులాట అయితుందారా నీకు?" అంది. కళ్లు నిండాయి. కానీ పెదవి చివర నవ్వు కూడా వచ్చింది. "ఇన్నొద్దులు అడగవైతివి, అమ్మా ఏం రాస్తున్నవని."

"హ్యాండిల్ మీద బొట్టు చూసేటోన్ని. కింద గింత కథ ఉన్నదని నాకేమెరుక?"

ఆమె లేచి లోపలికి వెళ్లి పాత నూలు చీర ముక్క తెచ్చింది. "తుడువుండ్రి. నా ముంగటనే తుడువుండ్రి" అంది. మేం గుడ్డ తీసుకునేలోపే తానే తుడవడం మొదలుపెట్టింది. నేను క్లీనర్ కొట్టాను, ఆమె తుడిచింది. మళ్లీ కొట్టాను, మళ్లీ తుడిచింది. గుడ్డకు పసుపు అంటడం మానేదాకా వదల్లేదు.

తుడవడానికి నరేందర్ బండిని ముందుకూ వెనక్కూ తోసినప్పుడే బండిలో ఉన్న ప్యాడ్‌లకు నూనె అంటుకుంది. విప్పి తీశాను.

"గవ్విటిని సబ్బుతోని కడుగరాదా?" అంది.

"నూనె తాగిన అప్పడం లెక్క అమ్మా. ఎంత పిండినా పోదు. మార్చాల్సిందే."

కొత్తవి వేసి బిగించాను. వాళ్ల బస్తీ సందు మెయిన్ రోడ్డు వైపు వాలుగా దిగుతుంది. నరేందర్ బండి ఎక్కబోతే తల్లి హ్యాండిల్ పట్టుకుంది.

"నువ్వాగు. ముందు బిడ్డ తోలాలె."

చుడీదార్ చున్నీ నడుముకు కట్టుకుని ఫుట్‌రెస్ట్‌ల మీద నిలబడ్డాను. నాకు యాభై దాటాయి. పైన బాల్కనీల్లో నలుగురు చేరారు. ఇంజన్ ఆపి వదిలాను. బండి వేగం అందుకుంది. ఒక్క వేలితో లివర్ నొక్కాను. ముందు ఫోర్కు కిందికి దిగి, టైరు రోడ్డును గట్టిగా పట్టి, ఎక్కడ ఆగాలనుకున్నానో అక్కడే ఆగింది. అలాగే హ్యాండిల్ మీద తల వాల్చి, నా దేవునికి వందనాలు చెప్పుకున్నాను.

తర్వాత నరేందర్ తోలాడు. అతను కూడా ఆగాడు. నాలుగోసారి దిగేటప్పటికి బ్రేకును అతను నమ్ముతున్నాడని భుజాలు చూస్తేనే తెలిసింది.

"మరి నేను యాడ పెట్టాలె బొట్టు?" అని అడిగింది అండాలమ్మ. మానేస్తానని ఆమె అనలేదు, మానేయమని నేనూ అనలేదు. హ్యాండిల్ మధ్యలో, ఫోర్కు పైభాగాన ఉండే ప్లేటు చూపించాను. తోలేవాడి కళ్ల ముందే ఉంటుంది, ఏ పనికీ అడ్డం రాదు. నూనె వద్దు, నీళ్లతో తడిపిన కుంకుమ చాలు అన్నాను. అక్కడ పెట్టింది. ఇంటికొచ్చిన ఆడమనిషికి బొట్టు పెట్టి పంపడం వాళ్ల ఆనవాయితీ. కుంకుమ వేలు నా నుదుటి దాకా వచ్చి ఆగింది. నేను పెట్టుకోనని అప్పటికి గమనించింది. వేలు కొంగుకు తుడుచుకుని, నా తల మీద అరచెయ్యి పెట్టింది. ఆ చేతికి పసుపు, నువ్వుల నూనె వాసన. అంత మంచి దీవెన నేను చాలా రోజుల తర్వాత అందుకున్నాను.

మర్నాడు ఆరాధన ముగిసి, చర్చి బయటికి వచ్చి ఫోను ఆన్ చేయగానే నరేందర్ ఫోన్ చేశాడు.

"అక్కా, పట్టింది. నేను పడ్డ బండ మీదికెళ్లే దిగిన. కాలు పెట్టలె. బెంగళూరాయనకు లేదని చెప్పేసిన. ఇగో, అమ్మ మాట్లాడతదట."

"మీ అమ్మ అక్కడికి వచ్చిందా?"

అండాలమ్మ గొంతు వినిపించింది. వెనకాల గాలి హోరు. "నా కండ్లతోని చూద్దమని వచ్చిన బిడ్డా. బండ కింద గొడుగు వట్టుకొని నిలవడ్డ. యాడ ఆగాల్నంటె ఆడ ఆగుతుండు."

ఆ తర్వాత మా షాపులో ఒక అలవాటు మారింది. ఒకే జబ్బుతో బండి రెండోసారి వస్తే, స్పానర్ తీయకముందే ఒక ప్రశ్న అడుగుతాను. "ఇంట్లో ఈ బండిని ఎవరెవరు ముట్టుకుంటారు?" చాలామంది వింతగా చూస్తారు. కాసేపు ఆలోచించాక ఒకరు, మా నాయన రోజూ తుడుస్తడు అంటారు. ఇంకొకరు, మా ఆవిడ సీటు మెరవాలని కొబ్బరినూనె రాస్తుంది అంటారు. ఒకాయన తాత ప్రతి పొద్దునా మనవడి కోసం చోక్ వేసి బండి స్టార్ట్ చేసి, చోక్ తీయడం మరిచిపోయేవాడు. ఆ ఇంజన్ ఎందుకు పెట్రోలు తాగుతోందో రెండు నెలలు ఎవరికీ తెలియలేదు. కారణం అలా దొరికాక ఆ మాట ఇంటివాళ్లకు నెమ్మదిగా చెప్పిరమ్మంటాను, కోపంతో కాదు. ఆ చేతులు బండిని పాడుచేద్దామని ముట్టుకున్నవి కావు.